వరసగా పదకొండు బొమ్మలు

మా చిన్నాన్న ధనరాజు ఇరవై ఆరేళ్లపాటు మా ఊరి ఒడ్డున నాణెం ఎగరేశాడు. అది ఉద్యోగం కాదు, జీతం లేదు. చలి మొదలైన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా రోజూ తెల్లవారే వేళకి ఒడ్డుకి వచ్చి, ఒక్కసారి ఎగరేసి, ఏది పడిందో అందరికీ వినపడేలా చెప్పి, ఇంటికెళ్లి చద్దన్నం తినేవాడు.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క పల్లె. ఉన్నవి రెండే వీధులు. ఉత్తరపు వీధి వాళ్లకి ఒక పెద్దవల, దక్షిణపు వీధి వాళ్లకి ఒక పెద్దవల. పడవ మీద తీసుకెళ్లి సముద్రంలోకి దించి, రెండు కొసలూ ఒడ్డున పట్టుకుని ఇరవై ముప్పై మంది లాగే వల అది. అడుగున రాళ్లు లేని చోటు మా ఒడ్డున ఒక్కటే ఉంది. అక్కడ ముందు వేసినవాళ్లకి చేప, తర్వాత వేసినవాళ్లకి మిగిలినది. పూర్వం ఒకరోజు వీళ్లు, ఒకరోజు వాళ్లు అని వంతులుండేవట. తుఫానో, చావో వచ్చి వేట ఆగితే ఆ పోయిన వంతు ఎవరిదని కొట్టుకునేవారట. అందుకని పెద్దలు నాణెం పెట్టారు. బొమ్మ పడితే ఉత్తరపు వీధి, బొరుసు పడితే దక్షిణపు వీధి.

ఎగరెయ్యడానికి చిన్నాన్నే ఎందుకంటే, ఆయన పుట్టింది ఉత్తరపు వీధిలో, పిన్ని లక్ష్మణమ్మది దక్షిణపు వీధి. రెండు వైపులా ఆయనకి సొంతవాళ్లే. పైగా అప్పటికే పడవ కింద కాలు నలిగి వల లాగడం మానేశాడు. నేను ఆయన అన్న కూతుర్ని, రాణిని. మా నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. విజయనగరంలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదివేదాన్ని. స్టాటిస్టిక్స్ నా సబ్జెక్టు. అదేమిటని ఎవరైనా అడిగితే చిన్నాన్న "లెక్కలేలే, పెద్ద లెక్కలు" అనేవాడు గర్వంగా.

నాలుగేళ్ల కిందట మాఘమాసంలో, వరసగా పదకొండు రోజులు బొమ్మ పడింది.

ఐదు రోజులదాకా నవ్వుకున్నారట. ఏడో రోజు దక్షిణపు వీధి వాళ్లు నాణెం మార్చమన్నారు, మార్చారు. మళ్లీ బొమ్మే. తొమ్మిదో రోజున కానాగంత చేపల గుంపు ఒడ్డుకి వచ్చింది. ఉత్తరపు వీధి వాళ్ల వల తెల్లగా మెరుస్తూ నిండిపోయింది. రెండోసారి వేసిన దక్షిణపు వీధి వాళ్లకి పీతలూ నాచూ వచ్చాయి. పదకొండో రోజు నాణెం ఇసకలో బొమ్మ పైకి పడగానే పిన్ని తమ్ముడు చినబాబు మావ ముందుకొచ్చి దాన్ని కాలితో తొక్కేశాడు.

"ఏటి బావా ఇది? మా వీధి పిల్లనే సేసుకున్నావు, మా వీధి పొట్టే కొడతన్నావా?"

ఊరిపెద్ద ఎల్లాజీ తాత మధ్యలోకి వచ్చి, ప్రస్తుతానికి రోజు మార్చి రోజు వేసుకోండి, ఏప్రిల్లో సర్కారు వేట నిషేధం మొదలయ్యాక అందరూ ఇళ్ల దగ్గరుంటారు, అప్పుడు కూర్చుని తేలుద్దాం అన్నాడు.

ఆ ఆదివారం నేను ఊరికి వెళ్లేసరికి చిన్నాన్న అరుగు మీద కూర్చుని కుడి అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"నా సెయ్యే తేడా అయిపోనాదేమో అమ్మీ. వయసొచ్చింది కదా. నాకు తెలీకండానే ఒకేలా ఇసురుతన్నానేమో."

నేను కాలేజీకి తిరిగి వెళ్లి లాబులో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. మా పెద్దవల సీజను సుమారు నూట ఎనభై రోజులు. కంప్యూటరు చేత నూట ఎనభైసార్లు నాణెం వేయించాను. అది ఒక సీజను. అలాంటి సీజన్లు పదివేలు వేయించి, ఒక్కోదానిలో ఒకేవైపు పడిన అతి పొడుగు వరస ఎంతో చూశాను. ఎనిమిది వందల మూడు సీజన్లలో పదకొండో, అంతకంటే ఎక్కువో ఉంది. అంటే ఏడాదికి నూటికి ఎనిమిది పాళ్లు. ఇరవై ఆరు సీజన్లని ఒక కట్టగా వేయించి చూస్తే, పది కట్టల్లో దాదాపు తొమ్మిదింట ఎక్కడో ఒకచోట అలాంటి వరస వచ్చింది. ఇరవై ఆరేళ్లు ఎగరేసినవాడికి ఇది రాకపోతేనే విడ్డూరం. లాబులో ఎగిరి గంతేశాను. ఇక ఏ గొడవా లేదనుకున్నాను.

చిన్నాన్న అంతా విన్నాడు.

"మిషను సెయ్యి మిషనుది. నా సెయ్యి సంగతి దానికేటి తెలుస్తాది?"

ఆ మాట కాదనలేకపోయాను. కాలేజీలో మా స్టాటిస్టిక్స్ మేడమ్ అడిగినా అదే అడిగేది. "అయితే నువ్వే ఎయ్యి సిన్నాన్నా. రోజుకి నూటెనభైసార్లు, నీ సేత్తోనే. ఎన్నాళ్లు ఎయ్యగలిగితే అన్నాళ్లు" అన్నాను.

నలభై రోజులు వేశాడు. పెరట్లో ఇసక పోసుకుని, ఒడ్డున నిలబడినట్టే నిలబడి ఎగరేసేవాడు. పిన్నికి చదువు రాదు. బొమ్మకి నిలువు గీత, బొరుసుకి సున్నా అని నేను నేర్పితే, రూళ్ల నోటుబుక్కులో ఆమే గీసేది. మధ్యలో పొయ్యి మీద కూర మాడిపోతుంటే "ఆగండాగండి" అని పరిగెత్తుకెళ్లి వచ్చేది. మొత్తం ఏడువేల రెండువందలు. నేను కూర్చుని లెక్కపెట్టాను. సగానికి కొంచెం తక్కువ బొమ్మలు. పదకొండు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న వరసలు మూడు వచ్చాయి. రెండు బొరుసులవి, ఒకటి బొమ్మలది. బొరుసుల వరస ఒకటి పదమూడు దాకా వెళ్లింది.

ఆ సాయంత్రం చిన్నాన్న మొహం చూడాలి. ఆ పదమూడు సున్నాల మీద వేలు పెట్టి, "అయితే నాది తప్పు లేదే" అన్నాడు పిన్నితో. పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. అప్పటికి రెండు నెలలుగా ఆమె పుట్టింటి గుమ్మం తొక్కలేదు.

వేట నిషేధం మొదలైన నాలుగో రోజు వలల పాక దగ్గర ఊరంతా కూర్చుంది. చిన్నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, నోటుబుక్కు చంకలో పెట్టుకుని వచ్చాడు. లేచి నిలబడి, తాను ఏం చేశాడో, మూడుసార్లు ఎలా వచ్చిందో, తడబడుతూనే అయినా అంతా చెప్పాడు. నోటుబుక్కు చేతులు మారుతూ చినబాబు మావ దగ్గరికి వచ్చింది. ఆయన కాసేపు పేజీలు తిప్పాడు.

"ఇదేటి బావా, నువ్వే ఒప్పేసుకుంటన్నావు! పదకొండు, పన్నెండు, పదమూడు. నీ సెయ్యి ఎటు కావాలంటే అటు పడేస్తాదని ఇందులోనే ఉన్నాది కదా!"

జనం గొల్లుమన్నారు. చిన్నాన్న నోటుబుక్కు కోసం చెయ్యి చాపి అలాగే ఉండిపోయాడు. నేను ఆగలేక లేచాను. కంప్యూటరులో కూడా అలాగే వచ్చిందని, ఎవరి చెయ్యీ లేకుండానే వచ్చిందని చెప్పాను. పదివేల సీజన్లన్నాను. ఎవరో వెనకనుంచి "పదివేల సీజన్లు బతికినాదేటి ఈ గుంట?" అన్నారు. మళ్లీ నవ్వులు.

ఎల్లాజీ తాత మాత్రం నవ్వలేదు. చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. "నువ్వు సదువుకున్నదానివి. ఒక్క మాట సెప్పమ్మా. ధనరాజు మోసం సెయ్యలేదని నీ మిషను సెప్తందా?"

అందరూ నా వైపు చూశారు. చిన్నాన్న కూడా. ఆయన కళ్లలో భయం లేదు. నేను అవునంటానని ఆయనకి అంత నమ్మకం.

"అలగ సెప్పలేదు తాతా. మోసం లేకండా కూడా ఇలగ అవుతాదని సెప్తాది. అంతే."

"అంటే సేసినా సేసుండొచ్చు."

"అది మిషనుకి తెలీదు."

అయిపోయింది. ఆ తర్వాత నేనేం చెప్పినా ఎవరూ వినలేదు. చివరికి ఎల్లాజీ తాత తీర్పు చెప్పాడు. "ధనరాజు తప్పు సేసినాడని మేం అనం. సెయ్యలేదనీ అనలేం. వచ్చే సీజను నుంచి ఇంకొకడు ఎగరేస్తాడు."

దొంగ అని ఉంటే చిన్నాన్న పోట్లాడి ఉండేవాడు. ఈ మాటతో ఎవరి మీద పోట్లాడాలో ఆయనకి అర్థం కాలేదు. ఇంటికి వెళ్లే దారిలో నేను ఏడుస్తుంటే, "ఎందుకే? నువ్వు సదివిందే సెప్పినావు" అన్నాడు. ఆయన కుంటుతూ ముందు నడుస్తున్నాడు. వెనక్కి తిరగలేదు.

తర్వాతి సీజను రేషన్ డిపో నడిపే మురళీమోహన్‌కి ఆ పని అప్పజెప్పారు. మార్గశిరంలో వరసగా తొమ్మిది బొరుసులు పడ్డాయి. ఈసారి ఉత్తరపు వీధి వాళ్లు గొడవకి దిగారు. ఆ కబురు తెలియగానే నేను విజయనగరంలో బస్సెక్కి నేరుగా చినబాబు మావ ఇంటికి వెళ్లాను. ఇప్పటికైనా తెలిసొస్తుందని నా ఆశ.

"సూసినావా మావా? సెయ్యి మారినా వరస వచ్చింది. ఇది ఎవుడి తప్పూ కాదు."

ఆయన వల కుట్టుకుంటూ తలెత్తకుండానే అన్నాడు. "అయితే ఇద్దరూ దొంగలే."

నాణెం ఎగరెయ్యడమే తీసేశారు. మళ్లీ పాత వంతులు వచ్చాయి. మా చిన్నాన్న గురించి మాత్రం ఎవరూ మరో మాట అనలేదు. వీధిలో ఎదురైతే నవ్వేవారు, పలకరించేవారు. ఊళ్లో పిల్లలు గోలీలాటలో పందెం వేసుకుంటూ, ఎవడైనా చెయ్యి జరిపి దొంగాట ఆడితే "ధనరాజు సెయ్యిరా" అనేవారు. ఆ మాట ఆయన చెవిన పడ్డ నెలకే ఇల్లు తాళం వేసి, పిన్నిని తీసుకుని అరసవల్లి వెళ్లిపోయాడు. అక్కడ గుడికి వచ్చేవాళ్లు దిగే ఒక లాడ్జిలో తాళాలిచ్చే పని దొరికింది. వెనక చిన్న గది ఇచ్చారు. సముద్రం వినపడదు.

నేనిప్పుడు విజయనగరంలోనే ఒక కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్ని. ఈ పాఠం ఏటా చెప్పాల్సి వస్తుంది. నాణెం వరసలు ఊహించిన దానికంటే ఎక్కువ పొడుగు ఉంటాయని పిల్లల చేత ప్రోగ్రాం రాయిస్తాను. వాళ్లు తెర మీద అంకెలు చూసి ఆశ్చర్యపోతారు. "నమ్మనివాళ్లకి ఎలా చెప్పాలి మేడమ్?" అని ఒక అమ్మాయి అడిగింది. తెలియదని చెప్పాను.

మొన్న వైశాఖంలో చినబాబు మావ కూతురి పెళ్లయింది. పిన్నికి పిలుపు రాలేదు. ఆ రోజు నేను అరసవల్లిలోనే ఉన్నాను. పొద్దున్నే ఆమె తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, బజారుకి వెళ్లొస్తానని బయల్దేరింది. ఎక్కడికో నాకూ చిన్నాన్నకీ తెలుసు. చిన్నాన్న లాడ్జి గుమ్మందాకా వెళ్లి ఆటో ఆపి ఎక్కించాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి తిరిగి వచ్చేసింది. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో మా ఊరి బస్సులు మూడు వచ్చాయట, మూడూ వెళ్లిపోయేదాకా బెంచీ మీదే కూర్చుందట.

"ఎండగా ఉన్నాది" అంది చెప్పులు విప్పుతూ.

చిన్నాన్న ఆమెకి మంచినీళ్లిచ్చాడు. ఇంతలో ముందు గదిలోంచి ఎవరో తాళం కోసం పిలిచారు. "వస్తన్నానండీ" అంటూ ఆయన వెళ్లాడు. పిన్ని కొత్త చీర మార్చకుండానే వంట మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని వంకాయలు తరిగాను.