గుగ్గిలం పట్టిన కంప్యూటరు

మొన్న శుక్రవారం మా అమ్మాయి ల్యాప్‌టాప్ ఊరికే వేడెక్కిపోతున్నదంటే, ఖమ్మంలో ఒక రిపేరు దుకాణానికి తీసుకెళ్లి కూర్చున్నాము. ఊదు వేసే ముసలాయన ఒకాయన నెమలీకల కట్టతో పొగ విసురుకుంటూ లోపలికి వచ్చి, గల్లాపెట్టెకూ దేవుడి పటానికీ విసిరాక, బల్ల మీద విప్పి పెట్టిన మిషన్ల వైపు తిరిగాడు. నేను దిగ్గున లేచి చెయ్యి అడ్డం పెట్టి, చాలు చాలు, ఇక పొమ్మని కసిరాను. ఆయన తప్పేమీ లేదు పాపం, పొట్టకూటికి తిరిగే మనిషి. బయటికి వచ్చాక మా అమ్మాయి, "ఏంది నాన్నా, ముసలాయనను గట్ల కసిరినవు?" అని మొహం ముడుచుకుంది. ఆ పొగ వాసన తగిలితే అందరికీ భక్తి పుడుతుందేమో, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఎందుకన్నది మా అమ్మాయికి ఇంతవరకు చెప్పలేదు. చెప్పులు బయట విడిచి, కాళ్లు తుడుచుకుని కంప్యూటరు గదిలోకి అడుగుపెట్టిన మన కాలం వాళ్లకైతే చెప్పుకోవచ్చు.

తొంభైల నడుమ సంగతి. సారపాకలో కాగితం మిల్లుకు వెదురూ జామాయిలూ తోలే ఒక కాంట్రాక్టరు ఆఫీసులో కంప్యూటరు మీద లారీలకు చీటీలు తీసే పని నాది. చీటీ లేనిదే లారీ మిల్లు గేటు దాటదు. కొత్తగూడెంలో మూడు నెలలు కంప్యూటరు నేర్చుకుని, టేకులపల్లి దగ్గర మా తండా నుంచి నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగానికి వచ్చిన మొదటివాణ్ని నేనే. ఆరు నెలలు చూసి పర్మనెంటు చేస్తామన్నారు. అది పోతే మళ్లీ బాపు వెంట వెదురు నరకడానికి అడవికి పోవాల్సిందే, ఇంకో దారి లేదు.

మా మేనేజరు మధిర వైపు పెద్ద కమతాల కుటుంబం నుంచి వచ్చినవాడు. తెల్లబట్టలు, నున్నటి మాట, లోపలంతా విషం. పోయినవాళ్ల గురించి చెడు చెప్పకూడదంటారు గానీ, ఆయన గురించి మంచి చెప్పాలంటే నేను అబద్ధమాడాలి. నన్ను అన్నం బయట రేకుల కింద తినమనేవాడు. నేను తినడానికి లేవగానే తాను వచ్చి నా కుర్చీలో కూర్చుని పొద్దుటి నుంచి ఎన్ని లారీలు పోయినవో చూసుకునేవాడు. కూర్చునే ముందు నిప్పుల మూకుడు తెచ్చి, నడుస్తున్న కంప్యూటరు డబ్బా పక్కనే స్టూలు మీద పెట్టి, గదంతా కమ్ముకునేలా ధూపం వేసేవాడు. ఎంత భక్తో అనుకున్నాను.

ఒకరోజు మా అడవిలో గుగ్గిలం దొరుకుతుందని నోరు జారాను. తెమ్మన్నాడు. బాపుకు చెబితే ఆయన సంబరం చూడాల్సింది. చెట్లను వెతికి పట్టుకుని, బెరడు మీద ఊరిన బంక గీరి, ఎండబెట్టి, పుల్లా పుడకా ఏరేసి, మోదుగాకులో పొట్లం కట్టి, సోమవారం నేను బస్సెక్కేటప్పుడు చేతిలో పెట్టేవాడు. పెద్దాఫీసులో తన కష్టం దేవుడి ముందర వెలుగుతున్నదని ఆయన నమ్మకం. నాదీ అదే నమ్మకం.

ఎండలు ముదిరాక మిషను మొండికేసింది. పొద్దున అరగంట నడిచి బిగుసుకుపోయేది, మీట నొక్కినా పలకదు. ఆపి, కాసేపాగి వేస్తే మళ్లీ కాసేపు నడిచేది. గేటు దాకా లారీలు ఆగిపోయి, డ్రైవర్లు నా ముఖం మీదే బూతులు తిట్టేవాళ్లు. వైరసేమోనని ఫ్లాపీ పెట్టి వెతికాను, ఏమీ లేదు. కరెంటు హెచ్చుతగ్గులా అంటే, పక్కనే మా ఆఫీసులో టైపు కొట్టే అక్కయ్య గదిలో బల్బు నిలకడగా వెలుగుతున్నది. ఖమ్మం నుంచి ఇంజినీరును పిలిపించమంటే మేనేజరు, "ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే. మెషీను బంగారంలా ఉందయ్యా, నీ చెయ్యే మంచిది కాదు. సోమవారం ఇంకొక్కసారి ఆగిందంటే మంగళవారం నువ్వు రానక్కర్లేదు" అన్నాడు.

ఆ శనివారం డబ్బా మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి చూస్తే అరగంటకు ఆగేది గంటన్నర నడిచింది. అయితే రోగం వేడిది, లోపల గాలి ఆడటం లేదు. ఆదివారం ఇంటికి పోవడం మానుకుని, టైపు అక్కయ్యను బతిమాలి ఆఫీసు తాళం తీయించి, డబ్బా మరలు విప్పాను. ప్రాసెసరు మీద వేడి లాగే అల్యూమినియం దిమ్మె, దాని మీద అరచేతిలో పట్టే చిన్న ఫ్యాను. ఆ ఫ్యాను తిరగడం లేదు. రెక్కలకు గోధుమరంగు జిగురు పట్టి, దాని మీద దుమ్ము మెత్తి, దిమ్మె సందులన్నీ పూడిపోయినవి. గోటితో గీరి వాసన చూస్తే మా అడవి వాసన, బాపు తెచ్చిన గుగ్గిలం.

నాకు నవ్వొచ్చింది. మన సారు భక్తి మిషను ప్రాణం తీస్తున్నదక్కా, రేపు చెప్పి ధూపం కాస్త దూరంగా వేయమందాం అన్నాను. అక్కయ్య నవ్వలేదు. తలుపు వైపు ఒకసారి చూసి, "నీకింకా తెల్వదా తమ్మీ? అది దేవునికి గాదు. తండా పిల్లగాడు ముట్టుకున్న కుర్చీల కూసోవాలంటే ఆయనకు రోత. గందుకే ఆ పొగ" అన్నది.

నేను ముట్టిన మైల పోగొట్టడానికి మా బాపు ఎండలో చెట్టుచెట్టూ తిరిగి గుగ్గిలం గీరుతున్నాడు. అక్కయ్య కంటతడి పెట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. దవాఖానాకు పోయి స్పిరిట్ తెచ్చి, పళ్ల బ్రష్షుతో రెక్క రెక్కా కడిగి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేస్తే ఫ్యాను గిర్రున తిరిగింది. రేపు పదిమంది డ్రైవర్ల ముందు మేనేజరును నిలబెట్టి కడిగేయాలని, అనవలసిన మాటలు దారి పొడుగునా కూడబలుక్కుంటూ కిరాయి గదికి పోయాను.

సోమవారం మిషను సాయంత్రం దాకా ఆగలేదు. మేనేజరు వచ్చి, "చూశావా, ధూపం మానకుండా వేశాను కాబట్టే దారికొచ్చింది. మీ నాన్నని ఈసారి కాస్త ఎక్కువ పంపమను" అన్నాడు. కూడబలుక్కున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చినవి. పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టవలసింది ఆయనే. సరే సార్ అన్నాను.

అన్నాను, అంతే. వారం తిరిగాక, ఈ ఏడు చెట్లు ఎండిపోయినవని ఆయనకు అబద్ధం చెప్పాను. ఆయన బజారు సాంబ్రాణి తెప్పించుకున్నాడు. రెండు వారాలకొక ఆదివారం నేను దొంగలా ఆఫీసుకు వెళ్లి ఆ మసి కడిగేవాణ్ని. ఉద్యోగం పర్మనెంటయింది. బాపుకు మాత్రం ఏమని చెప్పను? ఆయన పొట్లం కడుతూనే ఉన్నాడు, నేను తీసుకుంటూనే ఉన్నాను. సోమవారం సాయంత్రం వంతెన మీదికి నడిచి వెళ్లి గోదావరిలో వదిలేసేవాణ్ని.

ఇప్పటి మిషన్లు వేడెక్కితే వాటంతట అవే ఆగిపోయి, ఎందుకు ఆగినవో తెర మీద చెబుతున్నవి. చెప్పులు విప్పమనేవాళ్లు లేరు, మా అమ్మాయి మంచం మీద పడుకుని అన్నం తింటూ పని చేసుకుంటుంది. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అడిగేవాడు లేడో, అడిగే పద్ధతే మారిందో, నాకు తెలియదు. ఆ మేనేజరును నేను క్షమించలేదు, క్షమించను కూడా. కానీ ఆయన మీద ఎంత కోపం తెచ్చుకున్నా అది చివరికి నా మీదికే వచ్చి ఆగుతుంది. మా పిల్లగాని కంప్యూటరు నా గుగ్గిలం లేనిదే నడవదని బాపు తండా అంతా చెప్పుకుని మురిసేవాడు. తాను చనిపోవడానికి నెల ముందు కూడా, కర్ర పట్టుకుని అడవిలోకి వెళ్లి, వణికే చేతులతో ఒక పొట్లం కట్టి తెచ్చాడు. అప్పటికి నేను ఆ ఆఫీసు వదిలి ఏళ్లయింది. అది కూడా తీసుకుని, సారుకు ఇస్తానన్నాను.