మాటలు కట్టమనే మేడం

హిందూపురంలో మా బడికి పియానో నేర్పడానికి పెనుకొండ నుంచి బస్సులో వచ్చే మేడం, గట్టిగా వాయించమనీ మెల్లగా వాయించమనీ ఎప్పుడూ చెప్పేవారు కారు. పాటలో ప్రతి వరుసకూ మాటలు కట్టమనేవారు.

అప్పట్లో నలుగురిలో మాట్లాడాలంటే నా గొంతు సగంలోనే ఆగిపోయేది. వాయిస్తే తప్పులుండేవి కావు గానీ ఎక్కాలు అప్పజెప్పినట్టుండేది. మేడం నాకు నేర్పుతున్న పాట రెండే వరుసలు. వార్షికోత్సవంలో వాయించాలని లోలోపల నాకెంతో కోరిక. ఆ అవకాశం నాకివ్వాలో లేదో మేడం తేల్చాల్సిన రోజది.

"మొదటి వరుసలో ఎవుర్ని పిలుస్తాండావు?" అని అడిగారు.

"మా అవ్వని. అవ్వా, ధర్మవరం బస్సొచ్చింది, రావా, అని."

"రెండోది?"

"అవ్వ జవాబు. వస్తాండా, వస్తాండా, అరవద్దు, అని."

మేడం నవ్వారు. "అట్లయితే బస్సు కాడ గొంతు పెంచల్ల. రావా అని మెత్తగా దించి, చెయ్యెత్తి ఊపిరి తీసుకో. అవ్వ చెవిన పడనీ."

మనసులో అవ్వను పిలుస్తూ వాయించాను. బస్సు దగ్గర స్వరం లేచింది, 'రావా' దగ్గర మెత్తగా వాలింది. పియానో మీంచి చెయ్యెత్తాను. రోజూ నా వాయింపు మధ్యలోనే బెంచీలు జరుపుతూ హాలు ఊడ్చే ఆయమ్మ చీపురు ఆపింది.

"ఆడ నిలిపేస్తివేమమ్మా? తర్వాత ఏమాయ?" అంది.

మేడం నా వైపు తిరిగి, "అడుగుతాండాది కదా, చెప్పు. వార్షికోత్సవం రోజు కూడా ఇట్లే చెబుదువులే," అన్నారు.

నేను రెండో వరుస అందుకుని, ఆయమ్మ వైపు చూస్తూనే చివరిదాకా చెప్పాను.