మా, మన

ఎవరు ఏమిచ్చినా సూజిన్ రెండు చేతులతో అందుకుంటుంది. మంచినీళ్ళ గ్లాసైనా, ఆటోవాడిచ్చే చిల్లరైనా అంతే. అందుకుని తల కొంచెం వంచుతుంది. కొరియాలో చిన్నప్పుడు నేర్పిన అలవాటు.

ప్రత్తిపాడు దాటాక ఉన్న ఈ పల్లెకు ఆమె వానలు వెనకబట్టిన రోజుల్లో చర్చి తరఫున సంఘసేవకు వచ్చింది. సూజిన్ అనడానికి నోరు తిరగక ఊళ్ళోవాళ్ళు సుజనమ్మ అన్నారు. పాతికేళ్ళు కూడా నిండని పిల్ల. చర్చి పక్కనే పాస్టరు దానయ్య అయ్యగారింట్లో ఉంటుంది. అయ్యగారి భార్య ఫెబా బళ్ళో పంతులమ్మ. సాయంత్రాలు సుజనమ్మకు తెలుగు చెబుతుంది.

ఆ సోమవారం చర్చి కూడికలో సుజనమ్మ మొదటిసారి తెలుగులో ప్రార్థన చేసింది. "ప్రభువా, మన పాపాలు క్షమించు" అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఒక చాప మీదనుంచి ఇంకో చాప మీదికి పాకింది.

"దేవుడు కూడా నీతోపాటు తప్పులు చేశాడా తల్లీ?" అని అడిగింది ఫెబా, ఇంటికొచ్చాక.

సుజనమ్మకు అర్థం కాలేదు.

"మన అన్నావంటే ఎదుటివాణ్ణి కూడా కలుపుకున్నట్టు. మా అన్నావంటే ఆయన్ను బయట ఉంచినట్టు. దేవుడితో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ మా అనే అనాలి."

సుజనమ్మ అడిగింది. "ఆయన్ను బయట ఎందుకు ఉంచాలి?"

"వ్యాకరణమమ్మా" అంది ఫెబా, పప్పులో తాలింపు వేస్తూ.

మర్నాడు సుజనమ్మ కల్లానికి వెళ్ళింది. మిరప కోతల రోజులు. కల్లం నిండా కాయలు ఎర్రగా ఎండుతున్నాయి. ఆడవాళ్ళు రాశుల చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఆమె రోజూ వాళ్ళ మధ్యనే కూర్చుంటుంది. మొదట్లో ఘాటుకు తుమ్ముతూ పారిపోతుందని అనుకున్నారు. పారిపోలేదు. తుమ్ముతూనే తొడిమలు తీసింది.

"ఏమ్మే సుజనమ్మా, దేవుణ్ణి గూడా పాపాల్లోకి దించావంట? మా మసీదు దాకా వచ్చింది కబురు" అంది కరీమున్.

అందరూ నవ్వారు. సుజనమ్మ కూడా నవ్వింది.

"మా భాషలో రెండిటికీ ఒకటే మాట అక్కా. ఊరి. ఊరి అమ్మ, ఊరి ఇల్లు."

"ఊరి అమ్మా? ఊరంతటికీ కలిపి ఒకటే అమ్మా మీ దేశంలో? ఎట్టా వండి పెడద్దే తల్లి!"

మళ్ళీ నవ్వులు. రాశికి అవతల కూర్చున్న రెబ్కా మాత్రం నవ్వలేదు. తల ఎత్తి సుజనమ్మను చూసింది. మళ్ళీ పనిలో పడింది.

నిరుడు ఇదే కోతల్లో రెబ్కాకు కొడుకు పుట్టాడు. పురుడొచ్చిన వారంలోపే పోయాడు. బిడ్డను తీసుకెళ్ళేముందు దానయ్య అయ్యగారు మంచం పక్కన నిలబడి, "ప్రభువా, నీ బిడ్డను నీవే తీసుకున్నావు" అని ప్రార్థించాడు. రెబ్కా గోడవైపు తిరిగింది. "ఆయన బిడ్డయితే మొయ్యడానికి నేనెందుకు?" అంది. ఆనాటినుంచి ఆమె చర్చి మెట్టెక్కలేదు. తన ఇంట్లో ఎవర్నీ ప్రార్థన చెయ్యనివ్వలేదు.

శనివారానికి బిడ్డ పోయి ఏడాది. జ్ఞాపకార్థ కూడిక పెడదామని రెబ్కా భర్త నతానియేలు పట్టుబట్టాడు.

"పెట్టుకో. అయ్యగారు మాత్రం నోరు తెరవకూడదు."

"మరెవరు చేస్తారే?"

"ఆ పిల్లని చెయ్యమను. దానికి మాటలు తక్కువ."

నతానియేలు వచ్చి ఆ సంగతి చెప్పి వెళ్ళాక అయ్యగారు చాలాసేపు అరుగుమీదే కూర్చున్నాడు. తర్వాత సుజనమ్మను పిలిచాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"జాగ్రత్తమ్మా. ఆ ఇంట్లో నిన్ను చూసి ఎవరన్నా నవ్వారంటే, ఆమె ఇంక ఆ తలుపు తియ్యదు."

అప్పట్నుంచి సుజనమ్మ కల్లంలో ఒక్కో తొడిమ తుంచుతూ లోపల ఒక్కోసారి అనుకుంది. మా. మా. మా. ఫెబా పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ప్రార్థనంతా అప్పజెప్పించుకుంది. శుక్రవారానికి ఒక్క తప్పు కూడా రాలేదు.

శనివారం పొద్దుగూకే వేళ రెబ్కా ఇంటి ముందు పట్టాలు పరిచారు. కల్లంనుంచి కరీమున్ కూడా వచ్చి ఓ పక్కన కూర్చుంది. రెబ్కా గడప మీద కూర్చుంది. అందరూ తలలు వంచారు. ఆమె వంచలేదు.

సుజనమ్మ మొదలుపెట్టింది. "ప్రభువా, మా ప్రార్థన విను. మా ఇంటిని చూడు." ఇంకో రెండు మాటలన్నాక కళ్ళు తెరిచింది. గడప మీద రెబ్కా ఒడిలో చేతులు ఖాళీగా, వెల్లకిలా ఉన్నాయి.

"ప్రభువా, మన బిడ్డ పోయాడు."

అన్నాక తెలిసింది. ముఖం కందిపోయింది. ఎవరూ నవ్వలేదు. ఫెబా కళ్ళు మూసుకునే ఉంది.

"క్షమించండి" అంది సుజనమ్మ. "మా బిడ్డ..."

"మార్చమాక" అంది రెబ్కా.

"తప్పు అక్కా."

"తప్పైతే ఆయనే చెప్తాడులే. ఆయనకు గూడా పోయాడుగా బిడ్డ. ఇందాకటి మాదిరే చెప్పు."

సుజనమ్మ చెప్పింది. నేర్చుకున్నదంతా మరిచిపోయింది. మన బిడ్డ చాలా చిన్నవాడు, అంది. మనం వాణ్ణి కొంచెమే ఎత్తుకున్నాం, అంది. మనకు ఇంకా ఏడుపు వస్తోంది, అంది. రెబ్కా తల గడపకు ఆన్చి పెద్దగా ఏడ్చింది. ఆ ఏడాదిలో ఆమె ఏడవగా నతానియేలు చూడటం అదే మొదలు. అందరూ ఆమేన్ అన్నాక, కాస్త వెనకగా అయ్యగారి ఆమేన్ వినిపించింది.

మరునాడు ఆదివారం. మొదటి గంట కొట్టేసరికి సుజనమ్మ తెల్లచీర కట్టుకుని తయారైంది. వాకిట్లో రెబ్కా నిలబడి ఉంది.

"చర్చికా అక్కా?"

"కాదు. వాణ్ణి పెట్టిన చోటు నేను చూడలా. మా ఆయన తీసకపోతానన్నా పోలా. నువ్వొస్తావా?"

ఇద్దరూ పత్తిచేల గట్టువెంట నడిచారు. నతానియేలు ఆనవాలు చెప్పిన తుమ్మచెట్టు దొరికింది. దాని కింద నల్లమట్టి దిబ్బ, మూరెడు. పైన గరిక, పల్లేరు కమ్మేసి ఉన్నాయి. రెబ్కా దూరంగానే ఆగిపోయింది. ఊళ్ళో రెండో గంట కొట్టారు.

సుజనమ్మ చెప్పులు విడిచింది. తెల్లచీరతోనే మట్టిలో చతికిలబడి, పల్లేరు మొక్కను మొదలంటా పట్టుకుని పీకింది. తర్వాత పక్కదాన్ని పీకింది. కాసేపటికి రెబ్కా వచ్చి అటువైపు కూర్చుంది.