జింకను నిమిరిన రోజు

నా చిన్నప్పుడు వానలు మొహం చాటేసిన ఒక ఏడు, సోమందేపల్లె అవతల మా మెట్టచేలో ఒక ఆడ జింక తీగ ఉచ్చులో చిక్కుకుంది. అడవిపందుల కోసం ఎవరో పెట్టిన ఉచ్చు అది. మా నాయన తీగ తెంపి, జింకను కానుగచెట్టు నీడకు మోసుకొచ్చి, కాళ్లు కట్టి పడుకోబెట్టాడు. డాక్టరుకు కబురు పెట్టాడు.

నాయన ఎద్దుల మనిషి. బెదిరిన ఎద్దును ఊరుకోబెట్టినట్టే జింక మెడ నిమురుతూ, "ఏం కాదు తల్లీ, నేనుండా గదా" అంటూ దాని పక్కనే కూర్చున్నాడు. నేనూ నిమిరాను. అది కదల్లేదు. మచ్చికైందనుకున్నాం.

మధ్యాహ్నానికి పశువుల డాక్టరు వచ్చాడు. అడవి జంతువుల వైద్యం చేతులతో చేయించి నేర్పాలని, ఆ చదువు చదివే పిల్లలను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లలో ఒక అక్క "పాపం, బంగారం" అంటూ జింక మెడ మీద చెయ్యి వేసింది. డాక్టరు ఆమెను కసరలేదు. జింక కళ్లకు గుడ్డ కప్పి, ఆ అక్క చెయ్యీ నా చెయ్యీ దాని పక్కటెముకల మీద పెట్టించాడు.

"ఇప్పుడు దాంతో మాట్లాడన్నా" అన్నాడు నాయనతో.

"ఏమని సార్? దానికి తెలుగొస్తాదా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వుకే నా అరచేతి కింద దాని గుండె దడదడలాడింది. "భయపడొద్దు తల్లీ" అని నాయన అనగానే ఇంకా ఎక్కువైంది. డాక్టరు సైగ చేశాడు. అందరం నోరు మూసుకున్నాం. చాలాసేపటికి అది కాస్త నెమ్మదించింది.

"ఎద్దుకు నీ మాట ధైర్యం. దీనికి మనమంతా పులులమే అన్నా" అని డాక్టరు గుసగుసగా చెప్పాడు.

నాయన దూరం జరిగాడు. అక్క తీగ కోసిన గాయానికి కుట్లు వేసింది. కాళ్ల కట్లు విప్పితే జింక లేచి, నాలుగడుగులు వేసి కూలిపోయింది. ఇక లేవలేదు. పట్టుబడిన భయానికే లోపల కండరాలు దెబ్బతింటాయని డాక్టరు పిల్లలకు చెబుతుంటే నాయన విన్నాడు.

"నా చేతుల్తోనే సంపినానా సార్?"

"ఉచ్చు పెట్టినోడు చంపినాడన్నా. నువ్వు విడిపించకుంటే ఆ తీగలోనే పోయుండేది."

నాయన ఆ మాట నమ్మినట్టు లేదు. అక్క వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేయబోయి, ఆపుకుని, ఊరికే పక్కన కూర్చుంది. నేనూ నాయనను తాకలేదు.

ఇప్పటికీ బాధలో ఉన్నవాళ్లను చూస్తే ముందు నా చెయ్యి లేస్తుంది. ఆపుకుని, "దగ్గరికి రానా?" అని అడుగుతాను. జింకను అడగలేం. మనిషిని అడగవచ్చు. ఆ సాయంత్రం మా నాయనను మాత్రం ఎవరూ అడగలేదు.