చీటీలో వచ్చిన భాష

మా లెక్కల మాస్టారు పోయారు. ఆ సంగతి తిరువూరు ఊరంతటికీ చెప్పింది నేనే, అదీ మైకులో. ఆటోకి మైకు సెట్టు కట్టుకుని చీరల సేళ్లూ, తిరనాళ్లూ, చావులూ చాటడం నా పని. ముప్పై ఏళ్లుగా ఈ నోటితోనే బతుకుతున్నాను. ఏ చావుకీ తడబడలేదు. ఆ రోజు బస్టాండు దగ్గర "విశ్రాంత లెక్కల ఉపాధ్యాయులు" అనేదాకా చెప్పి ఆగిపోయాను. మైకు పోయిందనుకుని డ్రైవరు వైరు కదిపి చూశాడు.

ఆయన దగ్గర నేను పదో తరగతి రెండుసార్లు చదివాను. రెండుసార్లూ లెక్కల్లోనే పోయింది. "ఒరేయ్, నీకు లెక్కలూ రావు, సిగ్గూ రాదు. ఆ రెండోది రాకపోవడం వల్లే బతికేస్తావు" అన్నారు. అలాగే బతికేశాను. పక్కిల్లే కాబట్టి వయసు మీద పడినా ఆయనతో నా చిలిపి పనులు మానలేదు. ఆయన రిటైరైన మర్నాడు మాస్టారింట్లో ఉచిత ట్యూషన్లని మైకులో చెప్పేశాను. సాయంత్రానికి వాకిలి నిండా పిల్లలు. నన్ను తిడతారనుకుంటే, లోపలికి వెళ్లి సుద్దముక్క తెచ్చుకున్నారు. ఏడాది చెప్పారు. ఆయనతో వచ్చిన చిక్కే అది. మనం వేళాకోళానికి అన్నది కూడా ఒళ్లు దాచుకోకుండా చేసేవారు.

తర్వాత ఆయనకి పరాయి దేశపు భాష ఒకటి నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. "తెలుగు అమ్మ ఇచ్చింది. హిందీ పరీక్ష కోసం, ఇంగ్లీషు ఉద్యోగం కోసం. నాకై నేను కావాలని తెచ్చుకున్న భాష ఒక్కటీ లేదురా" అన్నారు. బాగానే ఉంది. ఏ భాష అన్న దగ్గరే బండి ఆగింది. ఫ్రెంచి చెవికి బాగుంటుంది, రష్యనులో లెక్కల పుస్తకాలున్నాయి, స్పానిషు చాలా దేశాల్లో నడుస్తుంది. ఎనిమిది నెలలు ఇదే గోల. కనపడ్డవాళ్లనల్లా అడిగేవారు.

"జర్మను నేర్చుకోండి మాస్టారూ, అక్కడ నర్సులకి మంచి డిమాండండి" అన్నాడు మందుల షాపాయన.

"నేను నర్సునా నాయనా?"

అమ్మగారికి, అంటే మాస్టారి భార్యకి, విసుగొచ్చేసింది. "ఏదో ఒకటి కానివ్వండి. అన్నం దగ్గర కూడా దేశాలేనా?"

ఆయనకి మాత్రం అది ఆట కాదు. తిండి తగ్గింది. "తప్పు భాష పట్టుకుంటే మళ్లీ మొదలుపెట్టే వయసు కాదురా నాది" అన్నారొకనాడు. చివరికి దేవుడి ముందు చీట్లు వేద్దామని, అయిదు భాషల పేర్లు రాయమని నాకే పురమాయించారు. నాకే!

అయిదింటి మీదా జపాను అనే రాశాను. ఆ అక్షరాలు కోడి కెలికినట్టుంటాయని విన్నాను, అందుకు. పదమూడో ఎక్కం నాచేత వందసార్లు రాయించిన కసి కూడా ఉందేమో. కళ్లు మూసుకుని చీటీ తీసింది అమ్మగారు. మిగతావి విప్పి చూడబోతే, "దేవుణ్ణి అనుమానిస్తారా?" అని నేనే జేబులో వేసుకున్నాను. మర్నాడు చెప్పి నవ్వుదామనుకున్నాను. నేను లేచేసరికి ఆయన మొదటి బస్సుకి విజయవాడ వెళ్లిపోయారు. పుస్తకంతో దిగి, "ఒరేయ్, గుండెల మీద బరువు దిగిపోయింది" అన్నారు. ఆ మొహం చూశాక ఇంకేం చెప్పను?

ఆరేళ్లు చదివారు. గిన్నెలకీ, తలుపులకీ, ఫ్రిజ్జుకీ ఆ అక్షరాల కాగితాలు అంటించారు. ఆయన వెంటే తిరిగేవాణ్ణి కాబట్టి నాకూ నాలుగు ముక్కలు వచ్చుననుకునేవారు అమ్మగారు. కూరలమ్మే మనిషికి జపాను వాళ్లలా నడుం వంచి దణ్ణం పెడితే, ఆవిడ కంగారుపడి రెండు వంకాయలు ఎక్కువ వేసేది.

ఈ ఏడాది ఎండల్లో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. వారానికి మాట తిరిగొచ్చింది గానీ తెలుగు రాలేదు. వచ్చింది జపాను. ఒక్కోసారి అలా కూడా జరుగుతుందని, చివర నేర్చుకున్నదే మిగలొచ్చని డాక్టరు చెప్పాడు. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి ఏమడుగుతున్నాడో అమ్మగారికి తెలియదు. "ఆ చీటీ నేనే తీశాను కదరా, ఈ చేత్తోనే" అని ఆ చేతిని కొంగులో దాచుకునేవారు. చీట్ల సంగతి చెప్పేద్దామని మొదలెట్టి, మందుల వేళయిందని లేచిపోయేవాణ్ణి. తెలుగులోకి మార్చి చెబుతుందని ఫోను ఆయన నోటి దగ్గర పెట్టి చూశాం. ముద్ద మాట కదా, ఒకసారి చేప అంది, ఒకసారి స్టేషను అంది.

ఒక మాట మాత్రం ఆవిడ వంక చూసి పదేపదే అనేవారు.

"ఏమంటున్నార్రా?"

"కూర్చోమంటున్నారండి" అన్నాను. ఊరికే నోటికొచ్చింది.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆయన మళ్లీ అదే అన్నారు.

"కూర్చున్నానుగా, ఇంకా ఏంటట?"

"ఇంకాస్త దగ్గరికి రమ్మంటున్నారు."

జరిగారు. ఆయన ఇంకా గట్టిగా అన్నారు. కంట్లోంచి నీళ్లు కారాయి. దాహమేమో, నొప్పేమో, ఆ భగవంతుడికే తెలియాలి. పన్నెండు రోజులు ఆవిడ ఆ స్టూలు దిగలేదు. పదమూడో రోజు పొద్దున ఆయన వెళ్లిపోయారు.

పెద్దకర్మ భోజనాలయ్యాక అమ్మగారు ఆయన నోటుపుస్తకాల కట్ట తెచ్చి నా ముందు పెట్టారు.

"ఆ కూర్చోమన్న మాట ఎక్కడుందో చూపించరా. ఎలా ఉంటుందో చూసుకుంటాను."

"అమ్మగారండీ, నాకు..."

"నువ్వే కదా ఇన్నాళ్లూ చెప్పింది."

పుస్తకం తిరగేశాను. ఏది పైనో ఏది కిందో కూడా నాకు తెలియదు. చీటీల సంగతి చెబితే ఆవిడ చెయ్యి తేలికవుతుంది. అది చెప్పానంటే, మరి ఆ మాట నిజమేనా అని అడుగుతారు. అప్పుడు ఆ స్టూలు మీది పన్నెండు రోజులూ పోతాయి. ఇది మీకు చెబుతున్నాను గానీ పక్కింటి గుమ్మం దాటి ఆవిడకి చెప్పలేకపోయాను. ఊరందరికీ మైకులో చెప్పే నోరిది!

పేజీ మధ్యలో ఒక వరస మీద వేలు పెట్టాను. అది రైలు ఎన్నింటికని అడగడమో, వాన పడుతోందనడమో.

అమ్మగారు కళ్లజోడు తుడుచుకుని పెన్సిలు అందుకున్నారు. ఆ వరస కింద ఖాళీలో, కొత్త ముగ్గు దించుకున్నట్టు, ఒక్కొక్క గీతే దించడం మొదలుపెట్టారు. గీత గీతకీ పెదాలు కదులుతున్నాయి. కూర్చో, కూర్చో, కూర్చో.