నేను వేసిన రంగులు, అతను అడిగిన గుర్తులు

కెనడాలోని రిచ్‌మండ్ హిల్‌లో మా ఆఫీసు చిన్నది. పదకొండు మందిమి. ఫోన్లో ఆడుకునే పజిల్ గేములు తయారుచేస్తాం. ఒకే రంగు రాళ్లను మూడేసి కలిపితే అవి పగిలిపోయే ఆట ఒకటి అప్పట్లో మా చేతిలో ఉండేది. ఆ రాళ్లకు రంగులు వేసింది నేను. నాలుగు నెలలు పట్టింది. ఒక్క ఆకుపచ్చనే ఎన్నిసార్లు మార్చానో లెక్క లేదు. చివరికి కుదిరిన రోజున మేనేజరు తెర వైపు చూసి "నైస్" అని కాఫీకి వెళ్లిపోయాడు.

ఆ వారమే, ఆటలు ఆడి చూసి లోపాలు పట్టే కొత్త టెస్టర్ చేరాడు. నల్గొండ వైపు మనిషి, ఇక్కడే కెనడాలో, సార్నియాలో చదువుకున్నాడు. నాకంటే మూడేళ్లు చిన్న. ఆఫీసులో తెలుగువాళ్లం మేమిద్దరమే కావడంతో మొదటి రోజే "అక్కా" అని పిలిచాడు. రెండో రోజు ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఇందుల ఎర్రది, పచ్చది నాకు ఒక్కతీర్గనే కనిపిస్తున్నయ్. చిన్నప్పటి సంది నాకా రెండిటికి తేడా తెల్వది."

నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు. మధ్యాహ్నం మీటింగులో అదే మాట చెప్పి, ఒక్కో రంగు రాయి మీద ఒక్కో గుర్తు వేద్దామన్నాడు. అవసరమైనవాళ్లు సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకుంటారు. మేనేజరు సంతోషంతో బల్ల చరిచాడు. ఇన్నాళ్లూ మనకిది ఎందుకు తట్టలేదని అందరినీ అడిగాడు. నెల చివర హెడ్డాఫీసు వాళ్లతో కాల్‌లో అతన్నే మాట్లాడమన్నాడు.

రంగులే తెలియని మనిషి నా రంగులకు తీర్పరి అయ్యాడు. లంచ్‌లో అందరూ అతని చుట్టూ చేరి, ట్రాఫిక్ లైటు ఎలా కనిపిస్తుంది, టమాటా పండిందని ఎలా తెలుస్తుంది అని అడుగుతుంటే, నేను నా డబ్బా తీసుకుని వేరే బల్ల దగ్గర కూర్చున్నాను. నాలుగు నెలల్లో నన్ను ఒక్కరు కూడా ఒక్క ప్రశ్న అడగలేదు.

గుర్తులు గీసే పని నాకే పడింది. గీశాను. త్రికోణం, వలయం, నక్షత్రం, అన్నీ రాయిలో కలిసిపోయేంత లేతగా. అతను ఫోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, మంచు వెలుగులో కళ్లు చికిలించి చూశాడు.

"జర డార్క్ చేస్తవా అక్కా?"

"చేస్తే రాయి అందం పోతుంది."

అతను తలూపి వెళ్లిపోయాడు. సాయంత్రం అతని రిపోర్టు వచ్చింది. గుర్తులు ఇంకా స్పష్టంగా ఉండాలి, ఆర్టిస్ట్ ఆ పని మీదే ఉన్నారు అని రాశాడు. నన్ను వెనకేసుకొచ్చాడు! ఆ మంచితనం చూసి ఇంకా మండింది.

అతనిది వట్టి గొడవని తేల్చుకుందామని, ఇంటికి వెళ్తూ బస్సులో ఫోన్ను నలుపు తెలుపులోకి మార్చి ఆట తెరిచాను. అతనికి కనిపించేది అచ్చం ఇలాగే కాదని తెలుసు. అయినా మొదలుపెట్టాను. రాళ్లన్నీ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. గుర్తుల కోసం వెతికితే అవి లేనట్టే ఉన్నాయి. నేను తయారుచేసిన ఆటలో, రెండో లెవెల్లోనే మూడుసార్లు ఓడిపోయాను. నాలుగోసారి ఆడే ధైర్యం లేక ఫోను సంచిలో పడేశాను.

మర్నాడు అతను కోటు విప్పకముందే వెళ్లి చెప్పాను.

"ఆ గుర్తులు కావాలనే లేతగా వేశాను."

"ఎరుకనే అక్కా."

"మరి మేనేజరుకు చెప్పలేదేం?"

"చెప్తే కోపంతోని గీస్తవ్. కోపంతోని గీసింది మల్లిట్లనే ఉంటది గద."

అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం మళ్లీ గీశాను. ముదురు అంచులు, లావు గీతలు. అతను చూడగానే ఏ రాయో చెప్పగలిగేదాకా ఒక్కోదాన్నీ మార్చాను. రెండు రోజులు పట్టింది.

హెడ్డాఫీసు కాల్‌లో అతను నా పేరే ముందు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టింది మాత్రం అతనికే. నేనూ కొట్టాను, కాస్త ఆలస్యంగా.

గేము విడుదలయ్యాక ప్లేయర్లు రాసిన రివ్యూలన్నీ చదివాను. ఎక్కువమంది గుర్తులనే మెచ్చుకున్నారు. అవసరం లేనివాళ్లు కూడా ఆన్ చేసుకుంటున్నారట. ఆకుపచ్చ గురించి ఎవరైనా ఒక్క మాట రాశారేమోనని చివరిదాకా వెతికాను. రాయలేదు. పక్క సీట్లోంచి అతను "ఏమంటున్నరక్కా?" అని అడిగాడు.

"బాగుందంటున్నారు" అన్నాను, ఫోను అతని వైపు తిప్పకుండా.