బస్సులో తిరిగే విమానం ఓనరు

అంటే, సొంత విమానం ఉన్న మనిషి సిటీ బస్సెక్కితే పిచ్చోడైపోతాడా? కార్ఖానా బస్తీలో మా చుట్టాలందరిదీ ఇదే మాట. మా మామకు నాలుగు సీట్ల చిన్న విమానం ఉంది. డీజిల్ ఇంజను, తాగేది తక్కువే. కానీ కంపెనీ చెప్పిన గంటలు నిండితే, ఎంత బాగా నడుస్తున్నా ఆ ఇంజను తీసేసి కొత్తది పెట్టాల్సిందే. దానికోసం మామ కారు అమ్మేశాడు.

నాకు ఒళ్లు మండింది. ఫోన్‌లో లెక్కేసి చూపించాను.

"ఈ పైసలతో జిందగీ మొత్తం పెద్ద విమానాల్లో టికెట్ కొనుక్కొని తిరగొచ్చు మామా. అమ్మెయ్ దాన్ని."

ఇంజనుకు ఇంకెన్ని గంటలున్నాయో అన్నట్టు వాచీ మీద వేలితో కొట్టడం మామ అలవాటు. అలాగే కొట్టి అడిగాడు.

"ఆ విమానాలు నన్ను నడపనిస్తరారా?"

ఆ ఆదివారం నన్నూ ఎక్కించుకున్నాడు. పైకి లేవగానే నేను వీడియో మొదలుపెట్టాను. మామ మళ్లీ వాచీ మీద కొట్టాడు.

"ఫోన్ జేబుల పెట్టు. నిమిషం నిమిషానికి నా కారు పైసలే కాలుతున్నయ్. జెర కిటికీలకెళ్లి చూడు."

పెట్టేశాను. దిగేదాకా ఫోన్ గుర్తే రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సీటు దొరకలేదు. మామ కడ్డీ పట్టుకుని సికింద్రాబాద్ దాకా నవ్వుతూనే ఉన్నాడు. కార్లున్నవాళ్లు ఒక్కరు చెప్పండి, బండి దిగాక మీరు అలా ఎప్పుడు నవ్వారు?